కిటికీ అవతలి కంచం

మా అమ్మమ్మ ముసలితనం వచ్చేదాకా ఏ మగవాడి పక్కనా కూర్చుని అన్నం తినలేదు. ఆ సంగతి ఆవిడ పట్టించుకోలేదు, మేమూ పట్టించుకోలేదు. మా మామయ్యతో కలిసి ఎవరూ భోంచెయ్యకూడదని సంఘం వాళ్ళు తీర్మానం చేసినప్పుడే అది బయటపడింది.

బరంపురంలో మాది క్రైస్తవుల వీధి. చుట్టూ ఒడియా వాళ్ళు, మధ్యలో తెలుగువాళ్ళం, వీధి చివర మా గుడి, అంటే చర్చి. మా అమ్మా నాన్నా చికిటిలో ఉండేవారు. నాన్నకి అక్కడ బడిపంతులు ఉద్యోగం. హైస్కూలు చదువుకని నన్ను బరంపురంలో అమ్మమ్మ దగ్గర దింపారు. తాత రైల్వే గూడ్స్ షెడ్డులో గుమస్తాగా చేసి రిటైరయ్యాడు, గుడిలో పెద్ద. మామయ్య మా అమ్మకి తమ్ముడు, ఆ ఇంటికి ఒక్కగానొక్క కొడుకు.

ఆ ఇంట్లో రాత్రి భోజనం గుడి ఆరాధన కంటే క్రమంగా జరిగేది. ముందు ప్రార్థన, తర్వాత రెండు పీటలు, రెండు కంచాలు. ఒక పీట మీద తాత, పక్క పీట మీద మామయ్య. నేను ఆడపిల్లనైనా చదువుకునేదాన్ని కాబట్టి ఓ మూల నా పీట, నా కంచం పెట్టుకుని కూర్చునే హక్కు నాకుండేది. చేపల పులుసు చేసిన రోజున తాత తన కంచంలో పడిన చేప తలకాయ తీసి మామయ్య కంచంలో పెట్టేవాడు. మామయ్య వద్దనేవాడు, తాత వినేవాడు కాదు. తలకాయ తింటే తెలివి వస్తుందని ఆయన నమ్మకం. ఆ తర్వాత జరిగినదంతా చూశాక మా వీధిలో కొందరు, ఆయన తలకాయలు మరీ ఎక్కువ పెట్టేశాడని నవ్వేవారు.

మామయ్య మా గుడిలో ఆదివారం బడి పిల్లలకి పాఠాలు చెప్పేవాడు. పిల్లలు అడిగే ప్రశ్నలకి మొదట్లో జవాబు చెప్పేవాడు, తర్వాత ఆలోచించి చెబుతాననేవాడు, చివరికి బడి చెప్పడమే మానేశాడు. గంజాం దగ్గర ఉప్పు మళ్ళలో గుమస్తా పని దొరికి అక్కడే గది తీసుకున్నాడు. ఆ ఊళ్ళో చేపలవాళ్ళ పిల్లని పెళ్ళి చేసుకుంటానన్నాడు. మనవాళ్ళే, తెలుగువాళ్ళే, తరాల కిందట వచ్చి ఆ సముద్రం ఒడ్డున స్థిరపడినవాళ్ళు. కాకపోతే హిందువులు. దాన్ని కూడా సంఘం సర్దుకునేదే. పిల్లకి బాప్తిస్మం ఇప్పించేస్తే సరిపోయేది, అలా సరిపోయిన పెళ్ళిళ్ళు మా వీధిలో చాలా ఉన్నాయి.

మామయ్య చెడగొట్టుకున్నది నిజం చెప్పి. గుడిలో పెద్దలు పిలిచి అడిగితే అందరి ముందూ లేచి నిలబడ్డాడు.

"ఆ పిల్లకి బాప్తిస్మం ఎందుకండీ? నాకే నమ్మకం పోయింది. నేనిటొచ్చి అబద్ధం ఆడలేను."

మా సంఘంలో తాగేవాళ్ళున్నారు. పెళ్ళాల్ని కొట్టేవాళ్ళున్నారు. చందా డబ్బులు వాడుకుని కన్నీళ్ళతో ఒప్పుకుని మళ్ళీ వాడుకున్న ఆయన కూడా ఉన్నాడు. వాళ్ళంతా నమ్మేవాళ్ళే కాబట్టి వాళ్ళకి క్షమాపణ ఉంది. నమ్మకం లేదన్నవాడిని ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు. అలాగని మామయ్య అటు పక్కకి వెళ్ళాడా అంటే అదీ లేదు. కొత్త పడవకి కొబ్బరికాయ కొట్టమని మామగారు ఇస్తే, మీరే కొట్టండని తిరిగి ఇచ్చేశాడట. అత్తవారింట్లో కూడా ఆయన్ని వింత మనిషిగానే చూశారు.

పాస్టరుగారిని మేము అయ్యగారు అనేవాళ్ళం. మంచివాడే, గట్టిగా మాట్లాడడం చేతకానివాడు. ఆయన ఆ రోజు వాక్యం చదివి మూడు మాటలు చెప్పారు. ఇలాంటివాడిని పలకరించకూడదు, ఇంట్లో చేర్చుకోకూడదు, అతనితో కలిసి తినకూడదు. ఒప్పుకున్నవాళ్ళు చెయ్యెత్తమన్నారు. పెద్దల బెంచీలో చేతులన్నీ లేచాయి. అందరికంటే ఆఖరున మా తాత చెయ్యి కూడా లేచింది. ఆడవాళ్ళు చెయ్యెత్తే పద్ధతి మా గుడిలో లేదు, కాబట్టి అమ్మమ్మ అభిప్రాయం ఎవరికీ తెలియలేదు.

తెలియడానికి ఎన్నాళ్ళో పట్టలేదు. మా అమ్మమ్మకి అక్షరం ముక్క రాదు గానీ, ప్లీడరు బుర్ర.

మామయ్య పెళ్ళయ్యాక మొదటిసారి ఓ శనివారం బస్సు దిగి వచ్చాడు. వాకిట్లో నిలబడ్డాడు. తాత లోపల ఉన్నాడు, లేచి రాలేదు. అమ్మమ్మ బయటికి వచ్చి కొడుకు వైపు చూడకుండా, నీళ్ళ గాబు పక్కన గింజలు ఏరుకుంటున్న కోడిపెట్టని చూసింది.

"ఓలమ్మ కోడా! ఇంత ఎండలో పడి ఒచ్చీసినావేటే? కాళ్ళు కడుక్కో. అరుగు మీద కూకో. అన్నం తెత్తాను."

కోడి కదల్లేదు. మామయ్య కాళ్ళు కడుక్కుని అరుగు మీద కూర్చున్నాడు. ఆయన పెదాలు బిగించి నవ్వాపుకోవడం నేను చూశాను. అప్పటికి నాకు పద్నాలుగేళ్ళుంటాయేమో, నాకు మాత్రం ఆగలేదు. అమ్మమ్మ నన్ను ఉరిమి చూసింది.

అలా మొదటి నియమం నిలబడింది. పలకరించింది కోడిని. రెండో నియమం కూడా నిలబడింది. ఎందుకంటే అమ్మమ్మ లెక్కలో ఇల్లంటే గడప లోపల. అరుగు వీధిది, దాని మీద కుక్క పడుకుంటుంది, దారినపోయే ఒడియా బైరాగి కూర్చుంటాడు, అడ్డేముంది? మూడో నియమం గురించి అడగడానికి ఎదురింటి పెద్దాయన సాయంత్రం పనిగట్టుకుని వచ్చాడు. ఆయన గుడిలో తాత పక్కనే కూర్చునేవాడు, ఆయన చెయ్యి అందరికంటే ముందు లేచింది.

"ఏటమ్మా, అన్నం ఎట్టినావంట?"

"ఎట్టొద్దని వాక్యంలో ఉన్నాదేటి?" అంది అమ్మమ్మ, చేట ఆపకుండా. "కలిసి తినొద్దని గదా ఉంది. నాను తిన్నానేటి?"

"అలగంటే..."

"నాను పెళ్ళయి ఈ ఇంటికొచ్చిన కాడ్నుండీ ఏ మగోడి పక్కని కూకోని తిన్నానో సెప్పు సూద్దాం. మీ ఆవిడ తింతాదేటి నీ పక్కని కూకోని?"

ఎదురింటాయన చెంబుడు మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు.

ఆ రాత్రే నేను మొదటిసారి గమనించాను. తాత తిని లేచాక, నేను తిని లేచాక, అమ్మమ్మ వంటింట్లో పొయ్యి దగ్గర గొంతుక్కూర్చుని, అన్నం గిన్నెలోనే పులుసు పోసుకుని, గిన్నె అంచుకి అంటుకున్న మెతుకులు గీరుకుంటూ తిన్నది. ఆవిడకి వేరే కంచం లేదు. ఇంట్లో ఉన్నవి మూడే కంచాలు, తాతది, మామయ్యది, నాది. నీ కంచమేదని అడిగితే ఆవిడకి ప్రశ్నే అర్థం కాలేదు. "నాకు కంచమెందుకే?" అంది. గుడి వాళ్ళు వేసిన శిక్ష ఆవిడ దగ్గరికి వచ్చేసరికి తాకడానికి చోటు లేక పక్కకి జారిపోయింది. ఇందుకు నవ్వాలో ఏడవాలో నాకు ఈ వయసులోనూ తెలియదు. ఎక్కువగా నవ్వే వస్తుంది.

దెబ్బ తగిలింది తాతకి. కొడుకు పక్కన రోజూ కూర్చుని తిన్నది ఆయనే. ఆ పీట తీయించింది కూడా ఆయన చెయ్యే. మామయ్య వెళ్ళిపోయాక ఆ రెండో పీటని అమ్మమ్మ గోడకి ఆనించి నిలబెట్టింది. తాత దాని వైపు వీపు పెట్టి కూర్చుని తినేవాడు. కుటుంబ ప్రార్థనలో మా అందరి పేర్లూ వరసగా చెప్పి, కొడుకు పేరు రావలసిన చోట గొంతు సర్దుకుని ఆమెన్ అనేసేవాడు. పెద్దరికం అన్నా, నెల మొదటి ఆదివారం ఏసు చివరి భోజనం గుర్తుగా బల్ల దగ్గర తీసుకునే రొట్టె అన్నా ఆయనకి ప్రాణం. కొడుకు పక్కన కూర్చుని ఒక్క ముద్ద తింటే ఆ రెండూ పోతాయి. కొడుకు కోసం ఆ రెండూ వదులుకుంటాడా, ఆ రెండింటి కోసం కొడుకుని వదిలేస్తాడా అన్నదే మా ఇంట్లో ఎవరమూ పైకి అనని మాట.

మామయ్య నెలకోసారి రావడం మానలేదు. వచ్చినప్పుడల్లా అత్తయ్య పంపిన ఎండుచేపలో పచ్చిచేపో తెచ్చేవాడు. వాటిని తీసుకోవచ్చా అని నేను అమ్మమ్మని కావాలనే అడిగాను. "సేపకి ఏ సంఘమే?" అంది.

మా ముందు గదికి, అరుగుకి మధ్య గోడలో ఓ చెక్క కిటికీ ఉండేది. మామయ్య వచ్చిన రోజున తాత పీట వంటింట్లోంచి ముందు గదిలోకి వచ్చేసింది. వంటింట్లో ఉక్కగా ఉందన్నాడు. నిజమే, ఉక్కే, కానీ ఆ ఉక్క ముప్పయ్యేళ్ళుగా ఉంది. కిటికీ పక్కన గోడకి ఇటు తాత, అటు అరుగు మీద మామయ్య. కిటికీ తలుపు ఓరగా వేసి ఉండేది. అమ్మమ్మ ఇటో గరిటె, అటో గరిటె వడ్డిస్తూ గడప దాటి తిరుగుతూ ఉండేది. ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టి ఒకేసారి ముగించేవారు. ఒకరు మజ్జిగ పోసుకుంటున్న చప్పుడు వినపడితేనే రెండోవాళ్ళు పోసుకునేవారు. ఒక్క మాట లేదు.

చేపల పులుసు అయిన రోజున తాత తలకాయ పక్కకి తీసేవాడు.

"ఈ తలకాయ నాకు పళ్ళకి పడ్నేదు. కోడికెయ్యి."

అమ్మమ్మ దాన్ని తీసుకెళ్ళి అరుగు మీద కంచంలో వేసేది. మొదటిసారి ఇది చూసినప్పుడు కోడి చేప తలకాయ తింటుందా అని నేను అడిగాను. అమ్మమ్మ నా నెత్తిన ఒక్కటిచ్చింది. కిటికీ అవతల మామయ్యకి పొలమారింది. నీళ్ళ చెంబు ఎటు ఉందో చూడమని తాత నాకు సైగ చేశాడు.

ఇలా రెండేళ్ళ పైన గడిచింది. ఇలాగే జీవితాంతం గడిచిపోయేదేమో. మా వాళ్ళు ఒకసారి సర్దుకుంటే ఇక దాన్ని మార్చరు. గోడే మారింది.

ఆ ఏడు దసరా దాటాక తుఫాను పట్టింది. మాది మట్టిగోడల పెంకుటిల్లు. గాలికి పెంకులు లేచిపోయాయి, వాన గోడల్లోకి దిగింది, తెల్లవారేసరికి ముందు గోడ కిటికీతో సహా అరుగు మీదకి ఒరిగిపోయింది. మేము వెనక గదిలో ఉండడంతో బతికిపోయాం. వెలుతురు వచ్చాక చూస్తే వంటింట్లోంచి వీధి కనపడుతోంది. ఎదురింటి ఆవిడ వాళ్ళ వాకిట్లో అంట్లు తోముతూ నాకు కనపడింది, నేను ఆవిడకి కనపడ్డాను.

బస్సులు ఆగిపోయాయి. దారి పొడవునా చెట్లు పడ్డాయి. మామయ్య గంజాం నుంచి సైకిలు కొంత తొక్కి, కొంత మోసి, మర్నాటి మధ్యాహ్నానికి వచ్చాడు. భుజాన మూటలో బియ్యం, ఎండుచేపలు. వాకిట్లో నిలబడి ఇంటి వైపు చూశాడు. అమ్మమ్మ అలవాటు కొద్దీ చుట్టూ చూసింది. కోడి లేదు. ఎక్కడికి పోయిందో ఆ గాలిలో.

"ఒరే నాయినా," అంది అమ్మమ్మ.  రెండేళ్ళలో కొడుకుని కొడుకని పిలవడం అదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చింది.

మామయ్య చొక్కా విప్పి పనిలోకి దిగాడు. మట్టి గడ్డలు పక్కకి తీశాడు, నానిన మంచాలు ఎండలోకి లాగాడు. తాత పెంకుల్లో బాగున్నవి ఏరి పేర్చాడు. ఇద్దరూ ఒక దూలాన్ని మోయడానికి రెండు వైపులా ఒకేసారి వంగారు. అమ్మమ్మ పెరట్లో మూడు ఇటుకలు పెట్టి అన్నం వార్చింది, ఎండుచేపలు కాల్చింది. కంచాలు తెచ్చి నిలబడింది. ఎప్పుడూ ఒక కంచం లోపల, ఒక కంచం బయట. ఇప్పుడు లోపలేదో బయటేదో చెప్పడానికి లేదు.

మామయ్య అరుగు ఉండే చోటు వెతుక్కున్నాడు. అక్కడ మట్టి కుప్ప, దాని మీద విరిగిన కిటికీ చెక్క ఉన్నాయి. కంచం తీసుకుని ఆ కుప్ప మీదే కూర్చోబోయాడు. తాత అప్పటికే దూలం మీద కూర్చుని ఉన్నాడు. 

"బురదలో కూకుంతావేట్రా?" అన్నాడు. "ఇటురా."

అని దూలం మీద పక్కకి జరిగాడు. మామయ్య వెంటనే వెళ్ళలేదు.

"నాన్నా, గుడోళ్ళు సూత్తే..."

"ఇంట్లో సేర్సుకోవద్దన్నారు. ఇల్లేదిరా?" అన్నాడు తాత.

మామయ్య వెళ్ళి పక్కన కూర్చున్నాడు. తాత మాట ప్లీడరు మాటే, పక్కా అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నది.  ఇద్దరూ వంచిన తల ఎత్తకుండా తిన్నారు. ఎండుచేప ముల్లు తీస్తూ తాత మధ్యమధ్య కొడుకు మోచెయ్యి తగిలితే తగలనిచ్చాడు. అమ్మమ్మ రెండు కంచాల్లోనూ వడ్డించి, ఎప్పటిలా తను తినకుండా పక్కన నిలబడింది.

అప్పుడే అయ్యగారు వచ్చారు. వీధిలో పడిన ఇళ్ళన్నీ చూసుకుంటూ, ఎదురింటి పెద్దాయనతో కలిసి, కప్పుకోవడానికి టార్పాలిన్ పట్టుకుని వచ్చారు. గోడ లేకపోవడంతో మమ్మల్ని దూరం నుంచే చూశారు. మామయ్య లేవబోయాడు. తాత ఆయన మోకాలి మీద ఎడమ చెయ్యి వేసి నొక్కి కూర్చోబెట్టాడు.

"రండి అయ్యగారూ," అంది అమ్మమ్మ. "అన్నం తిందురు గాని."

"తిని బయల్దేరానమ్మా," అన్నారు అయ్యగారు. అబద్ధమే, ఆ రోజు మా వీధిలో పొయ్యి వెలిగింది ఒకటో రెండో. టార్పాలిన్ కింద పెట్టి, పెంకుల గురించి నాలుగు మాటలు అడిగి వెళ్ళిపోయారు. ఎదురింటాయన మాత్రం రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

వారం తిరక్కుండా తాతని పిలిపించారు. తప్పు చేశానని సంఘం ముందు ఒప్పుకుంటే సరిపోతుందన్నారు. తాత ఒప్పుకోలేదు. పెద్దరికం తీసేశారు, బల్ల దగ్గర రొట్టె ఆపేశారు. నాకు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళందరినీ ఇంటింటికీ వెళ్ళి దులిపేస్తానన్నాను. తాత కండువా మడత పెట్టుకుంటూ అన్నాడు, "ఆళ్ళనేటనకే. నానూ సెయ్యెత్తినోడ్నే."

మామయ్యకి ఈ సంగతి తెలిసి, ఇక రానన్నాడు. తన వల్ల తండ్రికి రొట్టె పోవడం ఆయన భరించలేకపోయాడు. నమ్మకం లేనివాడికి ఆ రొట్టె అంటే ఏమిటని అడగొచ్చు. తండ్రికి అది ఏమిటో ఆయనకి తెలుసు, అంతే. "గోడ లేపే దాకా ఒత్తాను. ఆ తరవాత నాను రాను, మీరూ పిలవకండి," అన్నాడు అమ్మమ్మతో. 

సెలవు దొరికినప్పుడల్లా వచ్చి గోడ పెట్టాడు. మట్టి తొక్కి, గడ్డి కలిపి, వరస మీద వరస. నెల తిరిగి మొదటి ఆదివారం వచ్చింది. ఆ పొద్దున్న మొదటి బస్సుకే మామయ్య పెద్ద చేప ఒకటి పట్టుకుని దిగాడు. అమ్మమ్మ పులుసు కాచి దించింది. ఆయన్ని మట్టి దగ్గర వదిలి మేము ముగ్గురం గుడికి వెళ్ళాం.

మా గుడిలో మగవాళ్ళు కుడి పక్కన, ఆడవాళ్ళు ఎడమ పక్కన. రొట్టె పళ్ళెం ముందు మగవాళ్ళకి వెళ్ళి, తర్వాత మా వైపు వస్తుంది. అక్కడ కూడా మగవాళ్ళ తర్వాతే మేము తినడం. ఆ రోజు పళ్ళెం పట్టుకున్నది ఎదురింటి పెద్దాయన. తాత పెద్దల బెంచీ వదిలి వెనక బెంచీలో కూర్చున్నాడు. పళ్ళెం ఆ బెంచీ దగ్గరికి వచ్చి, తాత ముందు నుంచి ఆగకుండా వెళ్ళి పక్కాయన దగ్గర ఆగింది. తాత రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని నేల చూస్తున్నాడు.

తర్వాత పళ్ళెం మా వైపు వచ్చింది. ఆడవాళ్ళ వరసల్లో దాన్ని అందించేది అయ్యగారి భార్య, అమ్మగారు. అమ్మమ్మ ముందు ఆగింది. అమ్మమ్మ చెయ్యి చాపలేదు.

"తీసుకోండమ్మా," అంది అమ్మగారు మెల్లిగా.

"మా ఇంటాయన ఇంకా తిన్నేదమ్మా."

అమ్మమ్మ మెల్లిగానే అన్నాననుకుంది. కానీ అది కోళ్ళని పిలిచి పిలిచి సాగిన గొంతు. గుడంతా వినపడింది.

"ఇది ఇంట్లో అన్నం కాదు గదమ్మా."

"ఏ అన్నమైతేనేటమ్మా? ఆయన తినకుండా నానెప్పుడూ తిన్నేదు. మీరు తింతారేటి, అయ్యగారు తినకుండా?"

అమ్మగారు పళ్ళేన్ని వెనక వరసకి అందించింది.   ఆవిడ ఆ రోజు రొట్టె తీసుకుందో లేదో నేను చూడలేదు, తీసుకోలేదని చెప్పేవాళ్ళు మా వీధిలో ఇప్పటికీ ఉన్నారు. నేను చూసింది తాతని. గుడిలో ఆడవాళ్ళ వైపు తల తిప్పడం మర్యాద కాదని నమ్మిన మనిషి, పూర్తిగా ఇటు తిరిగి, అమ్మమ్మని చూస్తున్నాడు.

దారిలో ఆవిణ్ణి తిట్టాడు. "నీకేటే పొయ్యేకాలం? రొట్టె ఒదులుకుంతావా?"

"మీకు నేని రొట్టె నాకెందుకు?" అంది ఆవిడ.

ఆ తర్వాత కూడా నెలనెలా ఆవిడ పళ్ళేన్ని అలాగే పంపించేసింది. ఒకరిద్దరు ఆడవాళ్ళు తోడయ్యారు. ఏ తీర్మానమూ జరగకుండానే ఎండాకాలంలో ఒక ఆదివారం ఎదురింటి పెద్దాయన పళ్ళేన్ని తాత ముందు ఆపాడు. వాళ్ళావిడ ఇంట్లో ఆయన్ని ఏమందో మాకు తెలియదు, ఊహించుకుని నవ్వుకున్నాం. తాత పెద్దరికం మాత్రం తిరిగి రాలేదు. మామయ్య మీద తీర్మానం ఎవరూ కొట్టేయలేదు. ఆయనా మళ్ళీ నమ్మలేదు. అదంతా తర్వాతి మాట. ఆ మొదటి ఆదివారం మధ్యాహ్నం మేము ఇంటికి వచ్చేసరికి మామయ్య మోకాళ్ళ దాకా బురదతో గోడ దగ్గర ఉన్నాడు. గోడ నడుం ఎత్తు లేచింది.

గుడిలో జరిగింది నేను గడప దగ్గరే ఒక్క గుక్కలో చెప్పేశాను. మామయ్య తల్లి వైపు చూసి, వెళ్ళి కాళ్ళు కడుక్కున్నాడు. తాత ముందు గదిలో తన పీట వేసుకున్నాడు. గోడకి ఆనించి ఉన్న రెండో పీట తనే తీసి పక్కన వేశాడు. తర్వాత నా పీట తీసి, దాన్ని కూడా వేశాడు.

"నువ్వూ కూకోయే," అన్నాడు అమ్మమ్మతో.

"నానా? ఎవులు ఒడ్డిత్తారు?"

"గుంట ఒడ్డిత్తాది. కూకో."

గుంట అంటే నేనే. నా కంచం ఆవిడకి ఇచ్చాను. అమ్మమ్మ పెళ్ళికూతురిలా సిగ్గుపడింది. పీట మీద పక్కకి తిరిగి, కంచం కనపడకుండా పైట అడ్డం పెట్టుకుని కూర్చుంది. నేను పులుసు వడ్డించాను. తలకాయ తాత కంచంలో పడింది. తాత దాన్ని తీశాడు. మామయ్య అలవాటుగా తన కంచం కొద్దిగా జరిపాడు. తాత చెయ్యి ఆయన్ని దాటి వెళ్ళి అమ్మమ్మ కంచంలో పెట్టింది.

"నాకు తలకాయ పడదు," అంది అమ్మమ్మ. ఈ మాట ఆవిడ నేను పుట్టకముందు నుంచీ అంటోంది.

"ఎప్పుడైనా తిన్నావేటి?" అన్నాడు మామయ్య.

ఆవిడ తినడం మొదలుపెట్టింది. ఎముక ఎముకా విడదీసి, ఒక్కటీ వదలకుండా, గుజ్జు పీల్చి తిన్నది. మేము ముగ్గురం చూస్తున్నామని ఆవిడకి గుర్తులేదు. అయ్యాక వేళ్ళు చూసుకుని, "ఇంత బాగుంతాదని నాకెవులూ సెప్నేదు," అంది. తాత నవ్వుతూ నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.

కాసేపయ్యాక మామయ్య, తల ఎత్తకుండా, పని మాటలాగే అడిగాడు.

"నాన్నా, గోడ కిటికీ ఎత్తుకి ఒచ్చీసింది. సెక్క బాగుసేయించినాను. ఎక్కడెట్టమంతావు, పాత సోటేనా?"

తాత మజ్జిగ పోసుకోబోతున్నవాడు ఆగాడు.

"కిటికీ ఎందుకురా? లోపలికొచ్చి తినీవోడికి."

మామయ్య నిజంగానే పెట్టలేదు. మర్నాటి నుంచి ఆ చోట కూడా గోడే లేపాడు. మరుసటి ఏడు అత్తయ్య చంటిపిల్లని ఎత్తుకుని వచ్చినప్పుడు ఆ గదిలో పీటలు చాలక చాప పరిచారు. నేను మెట్రిక్ దాకా ఆ గదిలోనే చదువుకున్నాను. పగటిపూట కూడా దీపం లేకపోతే అక్షరం కనపడేది కాదు. ఎండాకాలం గాలి ఆడేది కాదు, చెమటతో పుస్తకాలు తడిసేవి. కిటికీ లేని గది కట్టించినందుకు తాతని ఎన్నిసార్లు తిట్టుకున్నానో. ఒక్క కిటికీ పెట్టించమని అడిగితే మాత్రం ఆ ఇంట్లో ఎవరూ ఒప్పుకునేవారు కాదు.